మిషన్ దిగిన తొలి కాపీ

మంగళవారం ఉదయం పదిన్నరకి కొవ్వూరు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గణేష్‌బాబు తన బల్ల మీద ఒక పాత రెగ్జిన్ సంచి బోర్లించాడు. కళ్లజోడు పెట్టె, ఒక బాల్‌పెన్ను, సగం రాసిన నోటు పుస్తకం, నాలుగు మడతలు పెట్టిన ఆదివారం నాటి 'తూర్పువాకిలి' దినపత్రిక బయటపడ్డాయి.

"ఇంతేనండి మేడం. ఇందులో మీకు హత్య ఎక్కడ కనిపిస్తోందో చెప్పండి," అన్నాడు.

ప్రైవేటు డిటెక్టివ్ వెంకటదుర్గ బల్ల మీదికి వంగి ఆ వస్తువులు ఒక్కొక్కటే చూసింది. డిపార్టుమెంటులో ఇరవై రెండేళ్లు పనిచేసి బయటికొచ్చిన మనిషి ఆవిడ. ఈ గణేష్‌బాబు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ దగ్గరే పంచనామా రాయడం నేర్చుకున్నాడు. నేర్చుకున్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా అతనికి ఆవిడ మీద కోపం వస్తుంటుంది.

సంచి త్రిమూర్తులుది. ముప్పై ఒక్క ఏళ్లు కొవ్వూరు నుంచి ఆ పత్రికకి వార్తలు పంపిన విలేకరి. ఆదివారం ఉదయం ఏడింటికి పడవల రేవుకి కాస్త దిగువన ఆయన శవం వలకి తగిలింది. కుడి కణత మీద దెబ్బ ఉంది. సంచి మాత్రం రేవు మెట్ల మీద పొడిగా, బుద్ధిగా కూర్చుని ఉంది.

గణేష్‌బాబు తన లెక్క చెప్పాడు. "మొదటి పేజీలో నా పేరు పడబోతోందని వారం రోజుల నుంచి ఊరంతా చెప్పుకున్నాడండి. ఆదివారం పేపరొచ్చింది. పేరు లేదు, వార్తా లేదు. చూసుకున్నాడు, తల కొట్టేసినట్టయింది, నీళ్లలోకి దూకాడు. దూకేటప్పుడు మెట్టు తగిలింది. సాయంత్రం ఐదింటికి నా రిపోర్టు పై ఆఫీసుకి వెళ్లిపోద్ది."

"ఆయన ఫోన్ ఎన్నింటికి ఆగిపోయింది?"

"నాలుగూ ముప్పై ఎనిమిదికి."

"పేపరు కట్టలు కొవ్వూరులో ఎన్నింటికి దిగాయి? నేను ఏజెంటు అబ్బులుని అడిగి వచ్చాను. ఐదూ ఇరవైకి. నాలుగూ ముప్పై ఎనిమిదికి నీళ్లలో ఉన్న మనిషి ఐదూ ఇరవైకి దిగిన పేపరు చూసి ఎలా సిగ్గుపడ్డాడు గణేష్‌బాబు?"

గణేష్‌బాబు దవడ బిగిసింది. "ఛార్జింగ్ అయిపోయి ఉంటదండి. పాత ఫోను."

"ఉండొచ్చు. లేకపోనూవచ్చు. ఆ పేపరు ఒకసారి ఇటివ్వండి."

మొదటి పేజీ మీద పెన్సిల్ గుర్తులు రెండున్నాయి. ఎడమవైపు ఫొటో పక్కన తోక మెలితిరిగిన బాణం ఒకటి. పేజీ మధ్యలో పక్కపక్కనే ఉన్న రెండు హెడ్డింగుల నడుమ రెండు పొట్టి నిలువు గీతలు. మెత్తటి, దట్టమైన పెన్సిల్. సంచిలో పెన్సిలే లేదు. దుర్గ ఆ పేజీని తన ఫోన్లో ఫొటో తీసుకుంది.

"అవి పిచ్చి గీతలండి," అన్నాడు గణేష్‌బాబు.

"ఐదింటి వరకు టైముందన్నారుగా," అని దుర్గ లేచింది.

బయట బల్ల మీద, ఈ కేసు చూడమని ఆవిడని పిలిపించిన త్రిమూర్తులు కూతురు సత్యకుమారి కూర్చుని ఉంది. ఇరవై ఆరేళ్ల పిల్ల, పక్క ఊరి సచివాలయంలో ఏఎన్ఎం. రెండు రోజులుగా అన్నం ముట్టలేదని ముఖమే చెబుతోంది.

"అందరూ మా నాన్న సిగ్గుతో చచ్చిపోయాడంటున్నారండి. దహనానికి వచ్చినవాళ్లు కూడా గుమ్మంలో అదే మాట. ముప్పై ఏళ్లు ఆయన ఎవరి గురించీ తప్పు రాయలేదండి. ఆయన గురించి మాత్రం ఇలా రాసేస్తారా?"

"శనివారం రాత్రి నాన్నగారు ఏమన్నారమ్మా?"

"రోజూలాగే నాలుగింటికి లేచి రేవుకి వెళ్తానన్నారు. పడవలొచ్చే టైమండి, చిన్నప్పట్నుంచీ అలవాటు. పేపరు మాత్రం నన్ను ముందు చూడొద్దన్నారు. తనొచ్చాక కలిసి చూద్దామన్నారు."

దుర్గకి త్రిమూర్తులు కొత్తవాడు కాదు. ఆరేళ్ల క్రితం ఆవిడ భర్త పోయినప్పుడు మూడు పత్రికలు ఆయన ఊరు తప్పు రాశాయి. సరిగ్గా రాసింది త్రిమూర్తులు ఒక్కడే. "అమ్మా, బాధలో ఉన్నారు, ఏమీ అనుకోకండి, సొంతూరు ఒక్కసారి చెప్పండి" అని ఫోన్ చేసి, కనుక్కుని మరీ రాశాడు. నాలుగే నాలుగు లైన్లు. ఆ ముక్క ఇప్పటికీ బీరువాలో ఉంది. అలాంటి మనిషి చావు గురించి తప్పు రాయనిస్తే తనకి నిద్ర పట్టదని ఆవిడకి తెలుసు.

"నాతో రామ్మా. రాజమండ్రి వెళ్దాం," అంది.

* * *

పన్నెండూ నలభైకి 'తూర్పువాకిలి' ఆఫీసు సగం ఖాళీగా ఉంది. పత్రిక ఆఫీసుకి అది తెల్లవారుజాము కింద లెక్క. డెస్క్ ఇన్‌చార్జి పెద్దిరాజు మాత్రం వచ్చి ఉన్నాడు. ఏ వార్త ఏ పేజీలో పోవాలో చెప్పేది ఆయనే. సత్యకుమారిని చూడగానే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు, ఎంతకీ ఆపలేదు.

"త్రిమూర్తులు గారి వార్త ఏంటండి?" అడిగింది దుర్గ.

"తాగునీటి కాలువలోకి చెరువుల మురుగు వదలడం. రొయ్యల చెరువులండి. నాలుగు ఊళ్లలో పిల్లలకి కామెర్లు. ఏడాది తిరిగి, నీళ్లు పరీక్ష చేయించి, ప్రతి ఇంటికీ వెళ్లి రాసుకొచ్చాడు. మంచి వార్త."

"మరి ఏది?"

"పదకొండూ ఇరవైకి పేజీ వెళ్లిపోయింది. పదకొండూ యాభైకి మిషన్ ఎక్కింది. పదకొండూ యాభై రెండుకి పైనుంచి ఫోన్. ఆ చెరువుల ఆసామి మనకి కావలసినవాడు, ఆపెయ్యమన్నారు. మిషన్ ఆపించాను. వార్త తీసేసి వేరేది పెట్టించాను."

"అప్పటికి దిగిన కాపీలు?"

"నూరు దాకా దిగాయి. దగ్గరుండి ముక్కలు చేయించా."

"త్రిమూర్తులుకి చెప్పారా?"

పెద్దిరాజు తల దించుకున్నాడు. "ఏ మొహంతో చెప్పనండి? తెల్లారాక చెబుదామనుకున్నా. రెండింటికి ఇంటికెళ్లి పడుకున్నా."

దుర్గ ఫోన్లో ఫొటో తెరిచి ఆయన ముందు పెట్టింది. "ఈ పేజీలో మీకు ఏం కనిపిస్తోంది?"

ఆయన చూడగానే మొహం చిట్లించాడు. జేబులోంచి ఎర్ర పెన్ను దానంతటదే బయటికొచ్చింది. "ఫొటో కింద కొవ్వూరు సంత అని వేశారండి. ఇది తుని సంత. ఎవడు చూశాడో ఏంటో."

"పక్కన గీతలున్నాయి."

"ఏ గీతలు?" అని మళ్లీ వంగి చూశాడు. "ఆ, ఉన్నాయి. నేను చూడలేదండి."

దుర్గ ఆ మాట మనసులో పెట్టుకుంది. పేజీలు తయారుచేసే గది ఎటువైపో చూపించమంది.

* * *

ఆ గదిలో నాలుగు కంప్యూటర్లు, ఒక పెద్ద బల్ల, గోడవారన పాత పేపర్ల దొంతర ఉన్నాయి. బల్ల ముందు ఆశీర్వాదం ఒక్కడే ఉన్నాడు. యాభై ఆరేళ్లవాడు. సీసపు అక్షరాలు పేర్చిన రోజుల నుంచి ఈ ఆఫీసులో పేజీలు పెడుతున్నాడు. సత్యకుమారి లోపలికి రాగానే లేచి నిలబడి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచాడు.

"రామ్మా. కూర్చో. టీ చెప్పనా?"

"వద్దు బాబాయ్," అంది సత్యకుమారి. దుర్గ వైపు తిరిగి, "నాన్నకి ఈ ఆఫీసులో మొదటి స్నేహితుడు బాబాయేనండి. నాకు అక్షరాభ్యాసం రోజున పలక కొనిచ్చింది కూడా ఆయనే," అంది.

దుర్గ కుర్చీ లాక్కుంది. "నాకు పత్రికల సంగతి బొత్తిగా తెలీదండి. ఆదివారం మొదటి పేజీ చూపించి, ఏది ఏంటో కాస్త చెబుతారా? ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు."

ఆశీర్వాదం ఆదివారం పేపరు ఒకటి దొంతరలోంచి తీసి బల్ల మీద పరిచాడు. చెవి మీది పెన్సిల్ చేతిలోకి తీసుకున్నాడు. పని గురించి మాట్లాడటం మొదలుపెట్టగానే గొంతు కాస్త తేటపడింది.

"పైన పత్రిక పేరుంది చూశారాండి, ఇది మాస్ట్‌హెడ్. పేరుకి అటూ ఇటూ ఉన్న చిన్న గళ్లని ఇయర్ ప్యానెల్స్ అంటాం, చెవుల్లాగా ఉంటాయని. దాని కింద పేజీ మొత్తం అడ్డంగా పరుచుకున్న హెడ్డింగు బ్యానర్. ఆ రోజుకి అన్నింటికన్నా పెద్ద వార్త. వార్త మొదట్లో ఊరి పేరు, తేదీ ఉంటాయి, అది డేట్‌లైన్. పెద్ద వార్త ఇక్కడ సరిపోకపోతే మిగతాది లోపలి పేజీకి పంపుతాం. దాన్ని జంప్ అంటాం."

"కంప్యూటరు మీదే గీస్తారా?"

"ముందు కాగితం మీదండి. ఏది ఎక్కడో గళ్లు గీసుకుంటాం, దాన్ని డమ్మీ అంటారు. నాకు ఇప్పటికీ పెన్సిల్‌తో గీస్తేనే గాని పేజీ కనిపించదు."

"మరి పేజీ అడుగున ఇది?"

అతని పెన్సిల్ పేజీ అడుక్కి దిగి ఆగింది. అడుగున ఆరు కాలాల వెడల్పున చలికాలంలో చర్మ సంరక్షణ గురించి ఒక వ్యాసం ఉంది.

"ఇది యాంకర్ వచ్చే చోటండి. పేజీని పట్టి నిలబెట్టేదని ఆ పేరు. వార్తలన్నీ పొద్దుటికి పాతబడతాయి గాని మంచి యాంకర్ పాతబడదు. త్రిమూర్తుల్ని నేను మూర్తి అనేవాణ్ని, మూర్తి వార్త పెట్టింది ఇక్కడే. తీసేశాక చోటు ఖాళీగా వదల్లేం కదండీ. ఎప్పుడైనా పనికొస్తాయని దాచుకునే ముక్కలుంటాయి, ఫిల్లర్లు. అందులో ఒకటి పెట్టా. ముప్పై ఒక్క ఏళ్ల మనిషి స్థానంలో కొబ్బరి నూనె రాసుకోమని పెట్టానండి."

సత్యకుమారి ఆ వ్యాసం వైపే చూస్తోంది. ఆశీర్వాదం ఆమె వైపు చూడటం లేదు.

"పేరు వేయడాన్ని ఏమంటారు?"

"బైలైన్. మా దగ్గర కంట్రిబ్యూటర్లకి, అంటే ఊళ్ల నుంచి వార్తలు పంపేవాళ్లకి, వేయరండి. ఊరి పేరే వాళ్ల పేరు. మూర్తి రాసిన ఏ వార్త కిందా మూర్తి లేడు. అందుకే ఎవరికైనా మొదటిసారి బైలైన్ పడితే మా ఆఫీసులో ఒక పద్ధతుంది. మిషన్ దిగిన తొలి కాపీ అతనిది. పేజీ పెట్టినవాడే స్వయంగా తీసుకెళ్లి చేతికివ్వాలి." చెప్పి, చెప్పకుండా ఉండాల్సిందన్నట్టు ఆగిపోయాడు.

"ఆ పేజీ పెట్టింది?"

"నేనేనండి."

"ఆ తొలి కాపీ?"

"అన్నీ ముక్కలు చేసేశారుగా," అన్నాడు ఆశీర్వాదం. పెన్సిల్ మాత్రం పేపరు మీద కదులుతూనే ఉంది.

అప్పుడే కారిడార్లో బూట్ల చప్పుడైంది. రెండూ పాతిక. గణేష్‌బాబు ఇద్దరు కానిస్టేబుళ్లతో డెస్క్ గదిలోకి వెళ్లి, పెద్దిరాజు మోచెయ్యి పట్టుకుని ఇటు తీసుకొచ్చాడు. పెద్దిరాజు మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"మీకే ముందుగా చెప్పి పోదామని వచ్చానండి మేడం. పేపరు టైము గురించి మీరన్నది నిజమే. ఏజెంటుని నేనూ అడిగా. అంటే ఆ కాపీ ప్రెస్సు నుంచి వచ్చింది. వార్త ఆపింది ఈయన, కాపీలు చింపించింది ఈయన, ఆ రాత్రి ఇంట్లో ఉన్నట్టు సాక్ష్యం ఈయన భార్య ఒక్కతే."

"పొద్దున ఆత్మహత్య అన్నారు. మధ్యాహ్నానికి హంతకుణ్ని పట్టేశారు. భోజనం చేశారా అసలు?"

"వెటకారం వద్దండి. తప్పు దిద్దుకుంటే కూడా తప్పేనా?"

"దిద్దుకోవడం మంచిదే. ఇంకో తప్పుతో దిద్దకండి. ఆయన్ని వదలండి."

"ఎందుకు వదలాలి?"

"సంచిలో పేపరు ఎవరిదో వాళ్లే గుర్తులు పెట్టుకున్నారు. అందులో ఫొటో కింద ఊరి పేరు తప్పు పడింది. పెద్దిరాజు గారికి ఫొటో చూపిస్తే ఆయన కన్ను ముందు దాని మీదే పడింది, చెయ్యి ఎర్ర పెన్ను మీదికి పోయింది. గీతలు ఆయనకి కనపడనే లేదు. ఆ పేపరు ఆయనదైతే ఆ తప్పు చుట్టూ ఎర్ర సున్నా ఉండేది. ఆ పేపరు చూసినవాడికి మాటల్లో తప్పులు పట్టవు, పేజీ ఎలా ఉందో అదే పడుతుంది." దుర్గ ఫోను బల్ల మీద, ఆశీర్వాదం ముందున్న పేపరు పక్కన పెట్టింది. "ఆశీర్వాదం గారూ, ఈ బాణం ఏంటండి?"

గదిలో అందరూ వంగారు. ఫోన్లో ఎడమవైపు ఫొటో పక్కన తోక మెలితిరిగిన బాణం, రెండు హెడ్డింగుల నడుమ రెండు పొట్టి గీతలు. బల్ల మీది పేపర్లో, ఇప్పుడే పాఠం చెబుతూ గీసినవి, అదే చోట అదే బాణం, అవే రెండు గీతలు.

ఆశీర్వాదం తన చేతిని పరాయివాడి చేతిని చూసినట్టు చూసుకున్నాడు.

"ఫొటోలో మనిషి పేజీ బయటికి చూడకూడదండి," అన్నాడు మెల్లగా. "లోపలికి, వార్త వైపు చూడాలి. ఇక్కడ బయటికి చూస్తున్నాడు, అందుకని బాణం. ఒకే సైజు హెడ్డింగులు రెండు పక్కపక్కన పడితే టూంబ్‌స్టోన్ అంటాం. రెండు సమాధిరాళ్లు పెట్టినట్టుంటాయని. అందుకని గీతలు. రోజూ పొద్దున్నే చేస్తాను. నన్ను అడక్కుండానే చెయ్యి పోతుంది."

"బాబాయ్," అంది సత్యకుమారి.

పెద్దిరాజు మోచెయ్యి మీంచి గణేష్‌బాబు చెయ్యి దానంతటదే జారిపోయింది. ఆశీర్వాదం పెన్సిల్ బల్ల మీద పెట్టాడు.

"మిషన్ ఆపకముందే తొలి కాపీ తీసి దాచానండి. అది మూర్తిది కదా, ఎలా చింపనిస్తాను? నాలుగింటికి రేవుకి వెళ్లి కూర్చున్నా. ఏం చెప్పాలో తోచక, చేతిలో ఉన్న మామూలు పేపరు మీద లైటు కింద గీతలు పెట్టుకుంటూ కూర్చున్నా. మూర్తి వచ్చాడు. కాపీ చేతిలో పెట్టా. మెట్ల మీద నిలబడి మూడుసార్లు చదివాడండి. పేరు మీద వేలు పెట్టి తడుముకున్నాడు. చదవకముందే చెప్పాల్సింది, నాకు నోరు రాలేదు. చదివాక చెప్పాను, ఆపేశార్రా అని."

"ఏమన్నారు?"

"ఏడవలేదండి. ఈ కాపీ పట్టుకుని తెల్లారగానే కలెక్టరాఫీసుకి పోతానన్నాడు. ఒక్క కాపీ చాలు, పిల్లలు ఆ నీళ్లు తాగడం ఆగుతుందన్నాడు. ఆ కాపీ బయటికొస్తే తెచ్చింది నేనని తెలిసిపోద్ది. ఇంకో రెండేళ్లు సర్వీసుంది నాకు. ఇచ్చెయ్యమని లాగా. వాడూ పట్టుకున్నాడు. కాగితం చిరగబోయింది." రెండు చేతులూ ముందుకి చాచి, లాగినట్టు చూపించాడు. "చిరిగిపోతుందని వాడే వదిలేశాడండి. నేను లాగుతున్నానా, వాడు వదిలేశాడు. వెనక్కి, కుడి పక్కకి ఒరిగి పడ్డాడు. తల మెట్టుకి కొట్టుకుని నీళ్లలోకి జారిపోయాడు."

దుర్గ కుర్చీ జరిపి సత్యకుమారి పక్కకి చేరింది.

"నాకు ఈత రాదండి. కేకెయ్యొచ్చు. దూరంగా రెండు పడవల లైట్లు కనపడుతూనే ఉన్నాయి. వెయ్యలేదు. వార్త రాలేదని దూకాడనుకుంటారని నా మామూలు పేపరు వాడి సంచిలో పెట్టి వచ్చేశా."

సత్యకుమారి అప్పుడు ఏడ్చింది. రెండు రోజులుగా రాని ఏడుపు. దుర్గ ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

ఆశీర్వాదం సొరుగు తెరిచి, పాత డమ్మీ కాగితాల అడుగు నుంచి ఒక పేపరు తీశాడు. ఒక మూల కాస్త చిరిగింది. రెండు చేతులతో పట్టుకొచ్చి సత్యకుమారి ముందు పరిచి, వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాడు.

మొదటి పేజీ అడుగున, ఆరు కాలాల వెడల్పున ఆ వార్త ఉంది. హెడ్డింగు కింద చిన్న అక్షరాల్లో 'త్రిమూర్తులు, కొవ్వూరు' అని ఉంది. ఆ పేరు మీద సిరా అలుక్కుపోయి, నల్లగా, స్పష్టంగా ఒక వేలిముద్ర పడింది.

సత్యకుమారి చెయ్యి దాని మీదికి వెళ్లింది. దుర్గ ఆ చెయ్యి మెల్లగా పట్టుకుని ఆపింది.

"ముట్టుకోకమ్మా. అది నాన్నగారి వేలు. ఆయన తన పేరు అచ్చులో చూసుకున్నారని, సిగ్గుపడి చావలేదని చెప్పడానికి లోకంలో ఉన్న సాక్ష్యం అదొక్కటే."

గణేష్‌బాబు సాక్ష్యాలు పెట్టే కవరు విప్పి పట్టుకుని ఉన్నాడు. పేపరు వైపు, ఆ పిల్ల వైపు చూశాడు. కవరు మళ్లీ మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"చదవనివ్వండి మేడం. లోపలి పేజీలో మిగతాది కూడా ఉందిగా. పూర్తిగా చదివాకే సీలు వేద్దాం," అన్నాడు.

సత్యకుమారి చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, తండ్రి పేరు దగ్గర మొదలుపెట్టి చదవసాగింది.